అక్షరము బిడ్డకు అప్పా, ఆస్తియా?

తెలుగునేలకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మన యిండ్లలో సాయంకాలమైనచో ఒక చిన్న యుద్ధము జరుగుచుండును. ఐదారేండ్ల బిడ్డ బడినుండి వచ్చును. ఇంగ్లీషు పాఠము, దానితోపాటు ఉన్న రాష్ట్రమును బట్టి తమిళమో కన్నడమో ఒడియాయో మరాఠీయో, ఆ రెండును ముగియగానే ఆటకు లేవబోవును. అప్పుడు తల్లియో తాతయో తెలుగు పలకను చేతికిచ్చి మరల కూర్చుండబెట్టుదురు. బిడ్డకు వెంటనే దాహము వేయును. పిమ్మట కడుపు నొచ్చును. ఆ పిమ్మట బలపము విరుగును. "మన భాష మనకు రాకపోతే నలుగురిలో ఎంత తలవంపులు!" అని ఒకరు గద్దింతురు. "పోనీ, పసివాడు" అని మరియొకరు అడ్డుపడుదురు. ఈ రగడ యెఱుగని తెలుగిల్లు ఎచ్చటనైన ఉన్నచో, అచ్చట తెలుగు చదువు ఏనాడో మానుకొనిరని తలంపవచ్చును.

ఇది బోధనాపద్ధతికి సంబంధించిన చిక్కు మాత్రమే యనియు, మంచి పుస్తకమో మంచి ఉపాధ్యాయుడో దొరకిన తీరిపోవుననియు మనము సరిపెట్టుకొనుచున్నాము. కాని దీనిలోపల ఒక ధర్మప్రశ్న కలదు. వలదని యేడ్చు పసిబిడ్డచేత మన లిపిని దిద్దించుటకు మనకు ఏ అధికారము కలదు? ఆ అధికారము లేదన్నచో, దిద్దింపక విడిచిపెట్టుటకు మాత్రము అధికారము కలదా?

మన సభలలో తఱచుగా వినబడు సమాధానమొకటి కలదు. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము వలెనే భాషాఋణ మొకటి యుండుననియు, తెలుగు తల్లిదండ్రులకు బుట్టిన ప్రతివాడును దానిని తీర్చవలెననియు వక్తలు చెప్పుదురు. వినుటకు ఇది గంభీరముగ నుండును. కాని ఐదేండ్ల బిడ్డ ఎవరివద్ద ఏమి అప్పు తెచ్చెను? అప్పన్నది తెలిసి తీసికొన్నవానికి చెల్లును. తెలుగులో జోలపాట విని, తెలుగులో అన్నమడిగి, తెలుగులో కోపగించుకొని పెరిగినవారము మనము; ఋణ మున్నచో మనకున్నది. దానిని మనము తీర్చుటకు మాఱుగ, పుస్తకముతో సహా బిడ్డ వీపున వేసి, "నీవు తీర్చుము, నేను చూచెదను" అనుచున్నాము. వారమునకొక తెలుగు పుట చదువని తండ్రి, కుమారుడు ఋ, ౠలు తప్పు వ్రాసెనని కోపగించుకొనుట ఋణవిమోచనము కాదు. ఋణమును ఇతరుల పద్దున వ్రాయుట.

బలవంతము కూడదన్నవారికి ఎదురుగా ఒక బలమైన యాక్షేపణ కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. ఎక్కములు ఇష్టపడి చదివిన పిల్లవాడెవడు? ఇంగ్లీషు అక్షరములు నేర్పునపుడు బిడ్డ సమ్మతి ఎవరైన అడిగిరా? అన్నిటియందును నిర్బంధము సమ్మతమై, తెలుగు వద్దకు వచ్చునప్పటికి మాత్రము "బిడ్డ యిష్టము" అను ధర్మసూక్ష్మము గుర్తునకు వచ్చుట ఏమి న్యాయము? తెలుగును వదలించుకొనుటకు ఇది మర్యాదగల మార్గము కాదా?

ఈ యాక్షేపణ చేయువారి అనుమానము చాలవఱకు నిజమే. అయినను నిర్బంధము అన్ని భాషలకును ఒకే ఫలమును ఈయదు. ఇంగ్లీషును బిడ్డకు ఎంత కఠినముగ నేర్పినను, ఆ భాషకు వెలుపల కాపలాదారులు పెక్కుమంది కలరు: బడి, పరీక్ష, ఉద్యోగము, చేతిలోని ఫోను. పాఠమును ద్వేషించిన పిల్లవాడు సైతము ఆ భాషనుండి తప్పించుకొనలేడు. నాలుగేండ్లలో ద్వేషము మఱచును. రాష్ట్రభాషకు వీథి యున్నది, స్నేహితులున్నారు, శాసనమున్నది. తమిళనాట 2006లో చేసిన తమిళ అధ్యయన చట్టము 2006-07లో ఒకటవ తరగతితో ఆరంభమై ఏటేట ఒక్కొక్క తరగతికి విస్తరించినది. అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానముల కెక్కవలసి వచ్చినది. రాజ్యాంగమున 1956లో చేర్చిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు చదువుకొను వసతి కల్పింపుమని రాష్ట్రములకు చెప్పుచున్నది. దానిని అమలుపఱపించుటకు పోరాడవలసినదే. కాని వసతి వేరు, ప్రీతి వేరు. మన వీథిలో తెలుగునకు బోర్డులు లేవు, బస్సుమీద పేరు లేదు, మార్కులు అనేకచోట్ల లేవు. దానికున్న ఆధారమెల్ల ఒక్కటే: ఇంటివారిపై బిడ్డకు గల ప్రేమ. ఆ ఒక్క దారమును మనమే బెత్తముతో తెంపితిమా, ఇక దానిని నిలుపున దేదియును లేదు. అందుచేత ఇంగ్లీషునకు చెల్లిన నిర్బంధము తెలుగునకు చెల్లదు. ఇది న్యాయము కాకపోవచ్చును. కాని మన స్థితి ఇది.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని పెద్దలు సామెత చెప్పుదురు. వీథిబడులలో ఆ సామెతను అక్షరాల ఆచరించిరి: గోడకుర్చీ, తొడపాశము, కోదండము. వీనినుండి తప్పించుకొని చెట్టెక్కి కూర్చున్నవారి కథలు ప్రతి వంశమునను కలవు. బడిలో బిడ్డను కొట్టుటయు, మనస్సు నొప్పించుటయు 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. ఇంటిలో మాత్రము ఆ నిషేధము మనకు మనమే విధించుకొనవలెను. వెక్కిరింపు కూడ దెబ్బయే. పక్కింటి పిల్ల ఎంత చక్కగ చదువుచున్నదో చెప్పుట అంతకంటె పెద్ద దెబ్బ.

అయితే ఆ వీథిబడులందే మనము మఱచిన మంచి యొకటి యుండెను. అచ్చటి పిల్లలు తొలుత కలము పట్టలేదు. ఇసుకలో వ్రేలితో వ్రాసిరి. మదరాసు ఎగ్మూరులో సైనికుల అనాథబాలుర పాఠశాలను 1789లో చేపట్టిన ఆండ్రూ బెల్ అను దొర, దేశీయమైన బడిలో పిల్లలు ఇసుకపై అక్షరములు దిద్దుట చూచి, తన పాఠశాలలో ప్రవేశపెట్టెను; 1797లో దానినిగూర్చి లండనులో గ్రంథము ప్రకటించెను. మన వీథియరుగుల ఇసుక సముద్రము దాటి "మదరాసు పద్ధతి"లో భాగమయ్యెను. ఇటలీదేశపు విదుషీమణి మరియా మాంటిసోరీ 1939లో మదరాసు అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు భారతదేశమందుండి ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చెను. ఆమె పద్ధతిలో బిడ్డ గరుకు కాగితముతో చేసిన అక్షరములను వ్రేలితో తడవి, నోట ఆ ధ్వని పలికి, చేతికి వచ్చిన పిమ్మట కంటితో చదువును. అక్షరాభ్యాసమునాడు పళ్ళెములో బియ్యము పోసి మనము చేయించునది దీనికి దూరపు చుట్టమే. కాని మనము దానిని ఒక్కపూటతో ముగించి, మఱునాడే సన్నని పెన్సిలు చేతికిచ్చి నాలుగు గీతల పుస్తకము ముందు పెట్టుచున్నాము. వ్రేళ్ళలో బలము చాలని నాలుగేండ్ల బిడ్డ వ్రాయననుట మొండితనము కాదు. చేయి చెప్పుచున్న నిజము. బియ్యపు పళ్ళెమును ఆఱు నెలలు అటులనే యుంచిన నష్టమేమి?

మన లిపి సులభమని పొగడుట కూడ బిడ్డపట్ల అన్యాయమే. పలికినట్లు వ్రాయుదుము, నిజమే. కాని లెక్కించి చూడుడు. క మొదలు ఱ వఱకు హల్లులు 36 అనుకొని, ఒక్కొక్కదానికి గుణింతపు రూపములు 16 చొప్పున చూచిన 576 రూపములగును. ఒత్తులు ఇంకను లెక్కకు రాలేదు. ఇంగ్లీషు అక్షరములు 26తో పోల్చి "అది వచ్చిన దే, ఇది ఏల రాదు?" అనుట తగదు. పైగా మ, య, ప, ష, ద, ధ, థ, ఖ, భ మున్నగునవి పసికంటికి కవలపిల్లలు. వరుస తప్పరాదను పట్టుదలతో, ఏ మాటలోను కనబడని ఌ, ౡలవద్ద బిడ్డను వారము నిలువబెట్టు ఇండ్లు నేటికిని కలవు. బిడ్డకు తొలుత కావలసినది తన పేరు. తరువాత అమ్మ పేరు, తమ్ముని పేరు, తాను తినునట్టి లడ్డు పేరు. ఇట్లు పది మాటలు తనవైన పిదప వర్ణమాల తానే వరుసకు వచ్చును. ఇల్లు చూచినవానికి పునాది చూపవచ్చును. పునాది రాళ్ళు ఎంచుచున్నంతకాలము ఇల్లు కట్టుచున్నారని వానికెట్లు తెలియును?

చుట్టునున్న భాష కొన్నిచోట్ల సాయము, కొన్నిచోట్ల ఆటంకము. బెంగుళూరులోను బళ్ళారిలోను ఉన్న మన పిల్లలకు కన్నడ లిపి బడిలో వచ్చుచున్నచో, తెలుగులిపిలో సగము పని యైపోయినట్లే. రెండును ఒకే ప్రాచీనలిపినుండి చీలినవి. గ, ద, న, ర, ల వంటివి తలకట్టులో తప్ప పెద్దగా భేదింపవు. "నీకు వచ్చినవి ఏవో వెదకుము" అని తెలుగు పుట నిచ్చినచో అది ఆట యగును. తమిళనాటి బిడ్డ సంగతి వేరు. అచ్చట క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరము. అది అలవడిన బిడ్డ "గంప"కు బదులు "కంప" వ్రాసినచో అజాగ్రత్త యనరాదు. ఒక లిపి నేర్పిన న్యాయమును ఇంకొక లిపికి అన్వయించుచున్నాడు. ఇది తెలివికి గుర్తు. ఆ భేదము చెవికి తెలియునట్లు రెండు మాటలను ప్రక్కప్రక్కన పలికించిన చాలును.

తమిళనాట ఇంకొక విశేషము చెప్పవలెను. త్యాగరాజస్వామి తిరువయ్యారులో తెలుగున కీర్తనలు రచించెను. వానిని నేడు పాడువారిలో పలువురు తమిళలిపిలో అచ్చైన పుస్తకములను చూచి పాడుదురు. ఆ పుస్తకములలో కకారము చెంత 2, 3, 4 అంకెలు చిన్నవిగా వేసి ఖ, గ, ఘలను సూచింతురు. ఇతర భాషలవారు ఇట్టి శ్రమపడి తెలుగు పలుకుట మెచ్చదగినది. ఇంట తెలుగు మాట్లాడు మన పిల్లలును అదే అంకెల పుస్తకము పట్టుకొని కూర్చుండుట చూచినపుడు మనస్సు చివుక్కుమనును. మధుర, కోయంబత్తూరు, తిరునెల్వేలి ప్రాంతములలో నాయకరాజుల కాలమునుండియు తెలుగు పలుకుచు, లిపి మాత్రము ఎఱుగని కుటుంబములు వేలకొలది కలవు. వారి తెలుగు తక్కువ తెలుగు కాదు. కాని అవ్వ పోయినపుడు అవ్వ కథలును ఆమెతోనే పోవుచున్నవి. లిపి లేని యింట మాటకు ఒక్క ఆయుర్దాయమే.

ఇక అసలు కారణమునకు వత్తము. బిడ్డ చదువననుటకు తఱచుగా హేతువు బిడ్డలో లేదు, ఇంటిలో నున్నది. తెలుగక్షరమునకు మన యింట ఏమి పని యున్నది? సరుకుల చీటీ ఇంగ్లీషులో, పాలలెక్క అంకెలలో, శుభలేఖ ఇంగ్లీషులో. తెలుగు శుభలేఖలో గణపతిబొమ్మ క్రింది రెండు పంక్తులతో సరి. దూరముననున్న అవ్వతో మాటలాడవలెనన్న ఫోనులో ముఖమే కనబడును. ఏ పనికిని రాని వస్తువును ఎందులకు నేర్వవలెనని బిడ్డ నోట అడుగడు, ఏడ్పుతో అడుగును. ఆ ప్రశ్నకు మనవద్ద సమాధానము లేకనే గద్దించుచున్నాము.

మా వీథిలో ఒక యింటి పిల్లవాడు పలకను బియ్యపుడబ్బా వెనుక దాచుచుండెను. దొరకినపుడెల్ల పేచీ. ఒకనాడు తాతగారు పలక సంగతి ఎత్తక, రాత్రి భోజనానంతరము ఒక కథల పుస్తకము తీసి బిగ్గరగా చదువసాగిరి. మనుమనికొఱకు కాదు, తమకొఱకే యన్నట్లు. పిల్లవాడు దూరమున ఆడుచునే వినెను. పది దినములు గడచిన పిమ్మట, పులి ఊరిలోనికి వచ్చినచోట తాతగారు అద్దములు తీసి, కన్నులు నొచ్చుచున్నవని పుస్తకము మూసిరి. "ఆ పులి ఏమాయె తాతా?" అని వాడు వచ్చి కూర్చుండెను. "ఏమాయెనో దీంట్లో ఉండాది నాయనా, నాకు కనపళ్ళేదే" అని ఆయన పుస్తకము వాని ఒడిలో పెట్టిరి. ఆనాడు వాడు చదివినది "పులి" అను ఒక్క మాటయే. ఆ పుటలో అది ఏడు చోట్ల నున్నది. ఏడింటిని వ్రేలుపెట్టి చూపెను. పలక బియ్యపుడబ్బా వెనుకనే యుండిపోయెను, దాని నెవరును అడుగలేదు.

ఇందు మాయ యేమియు లేదు. గుజరాతులో గిజుభాయి బధేకా (1885-1939) పిల్లలకు కథలు చెప్పుటనే చదువునకు ద్వారముగ చేసెను. ఆయన "దివాస్వప్న"లోని ఉపాధ్యాయుడు పాఠము వినని తరగతిని కథతోనే లోబఱచుకొనును. మనకును ఇట్టి సంపత్తి కొఱత కాదు. 1945లో "బాల", 1947 జూలైలో "చందమామ" మదరాసు నగరమునుండియే, అనగా నేటి తెలుగు రాష్ట్రములకు వెలుపలినుండియే, బయలుదేరినవి. "చందమామ" 2013 నాటికి నిలిచిపోయినది. పాతసంచికలు మన అటకలమీద, సంఘముల బీరువాలలో మిగిలియున్నవి. బీరువాకు తాళమువేసి, పిల్లలు చింపుదురని తాళపుచెవి కార్యదర్శిగారి యింట నుంచుట మన సంఘములకు అలవాటు. పిల్లలచే చినిగిన పుస్తకమునకే సద్గతి యని నా యభిప్రాయము.

పెద్దలకు తెలుగు చదువరాని యింట ఏమి చేయవలెనని అడుగవచ్చును. బిడ్డతో కూడ కూర్చుండి నేర్చుకొనుటయే. ముప్పదియైదేండ్ల తల్లి ఖ, భల భేదమున తబ్బిబ్బగుట చూచిన బిడ్డకు కలుగు ఆనందము ఇంతంత కాదు. తప్పు దిద్దు అధికారము ఒక్కమాఱు వానికి దక్కినచో పలక దాచుట యుండదు.

ఒక సంగతి మఱవరాదు. పుస్తకములలోని తెలుగు మన యిండ్లలోని తెలుగు కాదు. హోసూరు బిడ్డ, బరంపురపు బిడ్డ, షోలాపూరు బిడ్డ పలుకు తెలుగు పాఠ్యపుస్తకమున కనబడదు. కనబడనిదానిని "తప్పు" అనుట మనకు అలవాటు. ఈ విషయమున మనకు గురువు గిడుగు రామమూర్తిపంతులు (1863-1940). ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. ఆ పట్టణము 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినపుడు అందు చేరినది. ఆయన సవరభాష నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే వాచకములు వ్రాసి, బడులు పెట్టించెను. తెలుగు పిల్లలకును నోటి భాషకు దగ్గరైన పుస్తకము కావలెనని జీవితమంతయు వాదించెను. (ఆయన పేరు గ్రాంథికమున తలచుట చూచి పంతులుగారు నవ్వుకొందురేమో, పాతకలముల నడక అంత త్వరగా మాఱదు.) కాబట్టి బిడ్డ చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాసి వానికే చూపుడు. "అవ్వ నాకు దోసె ఇయ్యలే" అని వాడు చేసిన ఫిర్యాదు కాగితముమీద కనబడినపుడు, తన మాటకు రూపము వచ్చెనని వాడు ఆశ్చర్యపడును. మొదటి వాచకము అదియే కావలెను.

ఇంత చేసినను వలదను బిడ్డ యుండవచ్చును. కన్ను, చెవి సరిగ నున్నవో లేవో ముందు చూపింపవలెను. ఏ భాషలోనైనను అక్షరము పట్టుబడని డిస్లెక్సియా వంటి చిక్కు కొందఱకు కలదు. దానికి తెలిసినవారి సాయము కావలెను, మందలింపు కాదు. అట్టి దేమియు లేక కేవలము అనిష్టమే యైనచో, ఆఱు నెలలో సంవత్సరమో పలకను పక్కన పెట్టుట పాపము కాదు. కాని ఇచ్చట రెంటిని కలుపరాదు. వసూలు మానుట వేరు, ఇచ్చుట మానుట వేరు. అప్పగించుమని అడుగుట మానవచ్చును. రాత్రి చదివి వినిపించుట మానరాదు. "పెద్దవాడై తానే నేర్చుకొనును" అని పూర్తిగ విడిచిపెట్టిన తల్లిదండ్రులు బిడ్డకు స్వేచ్ఛ నిచ్చితిమని తలంతురు. చూడని ఊరికి పోవలెనో వలదో వాడెట్లు నిర్ణయించుకొనును? తలుపు చూపి, తీసియుంచి, లోపల దీపము పెట్టుట మన విధి. ఎప్పుడు లోనికి వచ్చునో వాని యిష్టము.

వ్రాతనుగూర్చి ఒక్క మాట. బిడ్డ తనంత తాను వ్రాయు మొదటి ఉత్తరము తప్పులతడకగా నుండును. "అవవా నువు ఎపుడు వసతావు" అని ఒత్తులు లేక వ్రాయును. ఎఱ్ఱసిరా తీయవలదు. ఆ కాగితమును అట్లే కవరులో పెట్టి అవ్వకు పంపుడు. ఫోనులో చదివి వినిపింపవలదు, టపాలోనే పోనిండు. అవ్వ జవాబు వ్రాయునపుడు "అవ్వ", "నువ్వు", "ఎప్పుడు", "వస్తాను" అనునవి పెద్ద అక్షరములతో, ఒత్తులు స్పష్టముగ కనబడునట్లు వ్రాయవలెనని ముందుగ ఆమెకు చెప్పియుంచిన చాలును. ఆ ఉత్తరమును బిడ్డ ఎన్నిమాఱులు చదువునో లెక్కపెట్టుట కూడ అనవసరము.